ఐలమ్మా, ఎల్లమ్మా?

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో ఇంతమంది పెద్దమ్మలు కూర్చోవడం చూస్తే సంతోషంగా ఉంది. ఇవాళ నేను చెప్పేది మా నాయనకు అమ్మమ్మ అయిన ఒక మామూలు మనిషి గురించి. ఇంట్లో అందరూ ఆమెను 'భువనగిరి అమ్మమ్మ' అనేవాళ్ళు. ఊరు గుర్తుంది, పేరు ఎవరికీ గుర్తులేదనే అనుకున్నాను. మా నాయనమ్మ బతికున్నప్పుడు అడగాలని నాకు తోచలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

తాతల పేర్లు పట్టాలోనో, పిచ్చికుంట్లవాళ్ళు పాడే వంశావళిలోనో ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. ఆడవాళ్ళ సంగతి అలా కాదు. మన పాత భూమి కాగితాల్లో కొడుకైతే 'వల్ద్' అని తండ్రి పేరు, భార్య అయితే 'జౌజే' అని భర్త పేరు రాసేవాళ్ళు. భర్త ఉన్నంతకాలం చాలావరకు ఆమె పేరు ఎక్కడా రాదు. ఆయన పోయాక, కొడుకులు లేకపోతే, విరాసత్‌లో, అంటే వారసుల నమోదులో, ఎక్కుతుంది. మా భువనగిరి అమ్మమ్మకు ఒక్కతే కూతురు, మా నాయనమ్మ. అందుకని ఆమె భర్త పేరు పట్టుకుని వెతికాను. ఆ కుటుంబం దాచుకున్న విరాసత్ కాగితం మీద 1347 ఫస్లీ అని ఉంది. ఫస్లీ అంటే నిజాం కాలంలో భూమి లెక్కలకు వాడిన సంవత్సరం. ఫస్లీకి 590 కలిపితే 1937 వస్తుంది. అంటే ఇంచుమించు ముప్పై ఏళ్ళకే ఆమె ఒంటరిదైంది. ఆ లెక్క వేసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ముప్పై అని ఎలా తెలుసంటారా? 'మూసీ పొంగినప్పుడు మా అమ్మ తొట్టెలో ఉందట' అని నాయనమ్మ చెప్పేది. ఆ వరద 1908 సెప్టెంబరు 28న వచ్చింది. పుట్టినతేదీ కాగితం లేని ఇళ్ళలో ఇలాంటి మాటే ఆధారం.

తర్వాత 1954-55 ఖాస్రా పహాణీ, అంటే ఏ భూమి ఎవరిదో రాసిన రికార్డు, నకలు దొరికింది. మాకు దొరికిన పుట ఉర్దూలో ఉంది. రిటైరైన గిర్దావర్ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) ఒకాయన ఓపికగా చదివి పెట్టారు. పేరు దగ్గర ఆగిపోయారు. ఉర్దూ రాతలో పొట్టి అచ్చులు రాయరు, ద్విత్వం గుర్తు కూడా చాలాసార్లు వదిలేస్తారు. ఆ అక్షరాలను ఐలమ్మ అనీ చదవొచ్చు, ఎల్లమ్మ అనీ చదవొచ్చు. "బాబూ, ఇది కాగితం చెప్పదు, మీ ఇంట్లోనే అడుగు" అన్నారాయన.

ఇంటికెళ్ళి మా మేనత్తను అడిగాను. స్కూల్లో ఆమెది వేరే పేరు. ఇంట్లో మాత్రం చిన్నప్పటి నుంచీ 'ఐలూ' అనే పిలుపు. ఎందుకో నేనెప్పుడూ ఆలోచించలేదు. "మా అమ్మమ్మ పోయిన ఏడాదే పుట్టాను కదరా, ఆమె పేరే పెట్టారు" అంది.

అప్పుడు అత్తమ్మ ముందే పహాణీ నకలు విప్పి, ఆ గీత మీద ఆమె వేలు పెట్టించాను. ఉర్దూ రాదు ఆమెకు. అయినా చాలాసేపు వేలు తీయలేదు.

ఐలమ్మ పుట్టిల్లు ఏ ఊరో ఇంకా తేలలేదు. అక్కడి ముసలివాళ్ళను కలవడానికి వచ్చే ఆదివారం అత్తమ్మను తీసుకుని భువనగిరి వెళ్తున్నాను.