వార్డు జాబితా నుంచి ఖర్చుల లెక్క దాకా: పంచాయతీ ఎన్నికపై పౌరుల నిఘా

అందరికీ నమస్కారం.

పంచాయతీ ఎన్నికల మీద నిఘా అనగానే చాలామందికి పోలింగ్ రోజే గుర్తొస్తుంది. బూత్ దగ్గర నిలబడటం, డబ్బు పంచేవాళ్ల మీద కన్నేసి ఉంచడం. అదీ చేయాల్సిందే. కానీ ఆ రోజు వచ్చేసరికి సగం పని చేయి దాటిపోయి ఉంటుంది. ఊరి ఎన్నికలో తప్పులు ఎక్కువగా కాగితాల్లో జరుగుతాయి. ప్రతి కాగితానికీ ఒక గడువు ఉంటుంది. గడువు దాటాక ఎంత న్యాయమైన అభ్యంతరమైనా ఫైల్లో ఒక కాగితంగా మిగిలిపోతుంది. అందుకే ఇవాళ ఆ కాగితాలు, గడువుల గురించే మాట్లాడుకుందాం. ఉదాహరణలు ఎక్కువగా తెలంగాణవి. 2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో మూడు విడతలుగా జరిగిన పోలింగ్ ఇంకా అందరికీ గుర్తుంది కదా.

ముందు, ఎవరిని అడగాలి? పంచాయతీ, మండల పరిషత్, మున్సిపల్ ఎన్నికలు నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం. రాజ్యాంగంలోని 243కె అధికరణం ప్రకారం ఏర్పడిన సంస్థ అది. అసెంబ్లీ ఎన్నికలు నడిపే కేంద్ర సంఘం వేరు. ఈ తేడా తెలియక, ఎన్నికల అక్రమాల మీద ఫిర్యాదులు పంపే సీవిజిల్ యాప్‌లో వీడియో పెట్టి, చర్య తీసుకోలేదని బాధపడేవాళ్లు ప్రతిసారీ ఉంటారు. ఆ యాప్ కేంద్ర సంఘం ఎన్నికలకే. ఊళ్లో ఎన్నికకు ఫిర్యాదు వెళ్లాల్సింది రిటర్నింగ్ అధికారికి, ఎంపీడీవోకి, జిల్లా పంచాయతీ అధికారికి, కలెక్టరుకి, రాష్ట్ర ఎన్నికల సంఘానికి. రిటర్నింగ్ అధికారులూ ఇద్దరు ఉంటారు. నామినేషన్లు చూసేది స్టేజ్-1 అధికారి, పోలింగ్, లెక్కింపు చూసేది స్టేజ్-2 అధికారి. నామినేషన్ గొడవ స్టేజ్-2 అధికారికి చెబితే ఆయన చేయగలిగింది ఏమీ లేదు.

ఎన్నిక సమయానికి జరగడమే మొదటి పారదర్శకత అని మా అభిప్రాయం. 243ఇ అధికరణం పంచాయతీ గడువు ఐదేళ్లే అంటుంది, ఆ గడువు ముగిసేలోపే ఎన్నిక జరగాలంటుంది. అహ్మదాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ మీద వేసిన కిషన్‌సింగ్ తోమర్ కేసులో సుప్రీంకోర్టు 2006లో ఇదే గట్టిగా చెప్పింది. అయినా తెలంగాణలో 2024 జనవరి నెలాఖరుకు సర్పంచుల గడువు తీరితే, ఎన్నిక జరిగింది 2025 డిసెంబరులో. మధ్యలో ప్రత్యేకాధికారుల పాలన. పాలకవర్గాలు లేక 15వ ఆర్థిక సంఘం నిధులూ ఆగాయి. రిజర్వేషన్ల మీద జీవో, హైకోర్టు స్టే ఆలస్యానికి తోడయ్యాయి. కాబట్టి గడువు తీరడానికి ఏడాది ముందే వార్డుల విభజన ఎంతవరకు వచ్చింది, రిజర్వేషన్ల ఖరారు ఎక్కడ ఆగింది అని రాతపూర్వకంగా అడగడం మొదలుపెట్టాలి.

ఇక అసలు పని, ఓటర్ల జాబితా. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉందాం.

పంచాయతీకి ప్రత్యేకంగా ఓటరు నమోదు ఉండదు. అసెంబ్లీ జాబితాను తెచ్చి వార్డుల వారీగా విడగొడతారు. అంటే రెండు చోట్ల తప్పు రావచ్చు. అసెంబ్లీ జాబితాలోనే ఉన్న తప్పు ఒకటి. విడగొట్టేటప్పుడు పుట్టిన తప్పు రెండోది. వీటికి మందు వేరు వేరు. పేరే లేకపోతే ఫారం 6, చనిపోయినవారి పేరు తీయాలంటే ఫారం 7, చిరునామా, వివరాలు మారాలంటే ఫారం 8. ఇవన్నీ బూత్ స్థాయి అధికారి (బీఎల్వో) దారిలో వెళ్లాలి. నోటిఫికేషన్ రాకముందే పూర్తవ్వాలి, ఎందుకంటే అక్కడ మారనిది ఇక్కడ మారదు. పేరుండి వార్డు మారిపోతే మాత్రం వార్డుల వారీ ముసాయిదా జాబితా మీద అభ్యంతరం ఇవ్వాలి. పంచాయతీ కార్యదర్శికి గానీ ఎంపీడీవోకి గానీ ఇచ్చి, అందినట్టు సంతకం, తేదీ వేయించుకోవాలి. అభ్యంతరాలకు ఇచ్చే వ్యవధి కొద్ది రోజులే. ముసాయిదా అతికించిన రోజే ఫోటోలు తీసి పెట్టుకోండి.

జాబితాను బల్ల మీద పెట్టుకుని చదివితే తప్పులు కనిపించవు. ఇంటి నంబర్ల వరుసలో నడవాలి. ఇద్దరు చాలు. ఒకరు పేరు, తండ్రి లేక భర్త పేరు, వయసు చదువుతుంటే ఇంకొకరు గుర్తు పెట్టాలి. ఉన్నారు, చనిపోయారు, పెళ్లయి వెళ్లారు, వలస వెళ్లారు, ఎవరో తెలియదు: ఈ ఐదు గుర్తులు సరిపోతాయి. వలస వెళ్లినవారిని తొలగించాల్సినవారిగా రాయొద్దు. హైదరాబాద్‌లో కూలికి వెళ్లి పండక్కి వచ్చే కుటుంబం ఊరి ఓటరే కావచ్చు. తొలగించాలో వద్దో తేల్చేది అధికారి. మనం ఉన్నది ఉన్నట్టు రాస్తాం.

నాలుగు చోట్ల ఆగండి. ఒకే ఇంటి నంబరు కింద పాతిక, ముప్పై పేర్లు కనిపిస్తే అక్కడ ఆగండి. ఇంటి నంబరు గడిలో సున్నా గానీ గీత గానీ ఉంటే ఆగండి. ఊరి చివర కొత్తగా కట్టుకున్న ఇళ్లు చాలాసార్లు ఇలాగే ఉంటాయి, వాటిని ఏ వార్డులో కలిపినా అడిగేవాడు లేడు. ఒకే కుటుంబం రెండు వార్డుల్లో పడితే ఆగండి. ఇక నాలుగోది తండాలు. 2018లో వేరే పంచాయతీలుగా ఏర్పడిన తండాల్లో, ఇల్లు తండాలో ఉండి పేరు పాత ఊరి జాబితాలో మిగిలిపోయినవాళ్లు, లేదా అటుది ఇటు అయినవాళ్లు ఉండవచ్చు. సరిహద్దు ఇళ్లను రెండు జాబితాల్లోనూ వెతకాలి.

ఇంత శ్రమ ఎందుకంటే లెక్క చిన్నది కాబట్టి. 1,800 ఓట్ల ఊరు, పది వార్డులు అనుకుందాం. వార్డుకు 180 ఓట్లు. 150 పోలైతే ముగ్గురు అభ్యర్థుల మధ్య వార్డు సభ్యుడు ఐదారు ఓట్లతో తేలిపోతాడు. అసెంబ్లీ జాబితాలో పది తప్పుడు పేర్లు ఎవరికీ పట్టవు. వార్డులో ఆ పదే ఫలితం. సర్పంచ్ పదవి కూడా ఒక్క ఓటుతో తేలిన ఊళ్లు ఉన్నాయి, సమానమైతే లాటరీ తీసిన ఊళ్లూ ఉన్నాయి.

నోటిఫికేషన్ వచ్చాక రోజులు పరుగెడతాయి. 2025 మొదటి విడత చూడండి. నవంబరు 27 నుంచి 29 వరకు నామినేషన్లు, 30న పరిశీలన, డిసెంబరు 1న తిరస్కరణ మీద అప్పీలు, 2న పరిష్కారం, 3న మధ్యాహ్నం మూడు గంటల వరకు ఉపసంహరణ, 11న పోలింగ్. అప్పీలుకు ఉన్నది ఒక్క రోజు. ఆర్డీవో దగ్గరికి వెళ్లాలి. తిరస్కరణ ఉత్తర్వు కాపీ చేతిలో లేకుండా వెళ్తే ఆ రోజు కాస్తా అక్కడే గడిచిపోతుంది. కాబట్టి పరిశీలన రోజు సాయంత్రమే కాపీ అడగమని అభ్యర్థులందరికీ ముందుగానే చెప్పి ఉంచండి.

నామినేషన్‌తో పాటు అభ్యర్థి క్రిమినల్ కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు ప్రకటిస్తూ ఇచ్చే స్వీయ ప్రకటన నోటీసు బోర్డు మీదికి రావాలి. రాకపోతే అడగాలి. చాలా ప్రకటనల్లో గడులు ఖాళీగా ఉంటాయి, లేదా అడ్డంగా ఒక గీత ఉంటుంది. కేసు లేకపోతే లేదు అని రాయాలి. ఖాళీ గడి వదిలితే ఓటరు తెలుసుకునే హక్కుకు భంగమని సుప్రీంకోర్టు 2013లో రిసర్జెన్స్ ఇండియా కేసులో చెప్పింది. మన దగ్గర దీనికి విరుద్ధమైన ఆధారం ఉంటే, అది రిజిస్ట్రేషన్ కాగితమైనా ఎఫ్‌ఐఆర్ నంబరైనా సరే, స్టేజ్-1 అధికారికి లిఖితపూర్వకంగా ఇవ్వాలి. విన్న మాట రాయకండి. ఒక అభ్యర్థి గురించే తవ్వి మిగతావాళ్లను వదిలేస్తే మనమూ ఒక పార్టీ అయిపోతాం. ఎంత మంది నిలబడితే అందరి ప్రకటనలనూ ఒకే పట్టికలో వేసి రచ్చబండ దగ్గర అతికించండి. వ్యాఖ్య అక్కర్లేదు.

ఉపసంహరణ గడువు చుట్టూ జరిగేదే ఏకగ్రీవం. 2025 మొదటి విడతలో 4,200 పైచిలుకు పంచాయతీల్లో 390కి పైగా ఏకగ్రీవాలయ్యాయి. అన్నీ అక్రమం అనలేం. ఊరంతా కూర్చుని నిజంగానే ఒప్పుకున్నవీ ఉంటాయి. గుడికి ఇన్ని లక్షలు అని పదవిని వేలం వేసినవి వేరే. గుడికి ఇచ్చినా బడికి ఇచ్చినా ఓటు హక్కును కొన్నట్టే. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఏకగ్రీవ పంచాయతీలకు జనాభాను బట్టి ఐదు నుంచి ఇరవై లక్షల దాకా ప్రోత్సాహకం ప్రకటించారు. అదే ఎన్నికల్లో గుంటూరు, చిత్తూరు జిల్లాల ఏకగ్రీవాల ప్రకటనను అప్పటి ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్‌కుమార్ కొద్ది రోజులు ఆపించి నివేదికలు అడిగారు. దీన్నిబట్టి తెలుసుకోవాల్సింది, ఫిర్యాదు ప్రకటనకు ముందే చేరాలి. వేలం సభ జరిగిన తేదీ, చోటు, పలికిన మొత్తం, డబ్బు ఎవరి దగ్గర జమ అయింది, ఎవరెవరు ఉపసంహరించుకున్నారు: ఇవి ఒక పేజీలో రాసి కలెక్టరుకి, ఎన్నికల సంఘానికి ఉపసంహరణ రోజు మధ్యాహ్నంలోపు పంపాలి. గెలిచినట్టు పత్రం చేతికిచ్చాక మిగిలేది ఎన్నికల వివాదాలు తేల్చే ట్రైబ్యునల్ ఒక్కటే.

డబ్బు సంగతి. తెలంగాణలో సర్పంచ్ అభ్యర్థి ఖర్చు పరిమితి 5,000 దాటిన జనాభా ఉంటే రూ.2.5 లక్షలు, అంతకు లోపైతే రూ.1.5 లక్షలు. వార్డు సభ్యుడికి రూ.50 వేలు, రూ.30 వేలు. మనం చెప్పుకున్న 1,800 ఓట్ల ఊళ్లో లక్షన్నర అంటే ఓటుకు 83 రూపాయలు. సగం మందికి వెయ్యి చొప్పున పంచితేనే తొమ్మిది లక్షలు. పరిమితికీ వాస్తవానికీ సంబంధం లేదని అందరికీ తెలుసు. మరి లెక్క ఎందుకు? కనిపించే ఖర్చు ఒక్కటే కొన్నిసార్లు పరిమితిని దాటిస్తుంది కాబట్టి. ప్రతి అభ్యర్థికీ ఒక నోటు పుస్తకం పెట్టండి. తేదీ, ఆటో మైకులు ఎన్ని, ఎన్ని గంటలు, ఫ్లెక్సీలు ఎన్ని, ఏ సైజు, భోజనాలు ఎన్ని విస్తళ్లు, టెంటు, కుర్చీలు. ఫోటో తీస్తే తేదీ, చోటు పడేలా తీయండి. ధరలు మీరు ఊహించి వేయొద్దు. అధికారులు ఖరారు చేసిన ధరల పట్టిక అడిగి దాని ప్రకారమే వేయాలి. డబ్బు, మందు పంపకం భారతీయ న్యాయ సంహిత 170 సెక్షన్ కింద లంచం. 173 కింద డబ్బుకైతే ఏడాది దాకా జైలు, మందుకైతే జరిమానా. పుచ్చుకున్నవాడికీ అదే సెక్షన్. 2025లో ఓడినవాళ్లు ఇంటింటికీ వెళ్లి పంచిన డబ్బు వెనక్కి ఇమ్మన్న వార్తలు చూశాం. అలా అడగడం అంటే లంచం ఇచ్చానని తానే ఒప్పుకోవడం. కానీ ఆ మాట మీద కేసు పెట్టేవాళ్లు అరుదు.

పోలింగ్ కేంద్రంలోకి పౌర కార్యకర్తకు ప్రవేశం ఉండదు. లోపల ఉండేది అభ్యర్థుల ఏజెంట్లు. అందుకని పోలింగ్‌కు రెండు రోజుల ముందు అన్ని వైపుల ఏజెంట్లనూ ఒకచోట కూర్చోబెట్టి గంటసేపు నేర్పించడం మనం చేయగలిగిన అత్యంత పనికొచ్చే పని. ఏం నేర్పాలి? ఖాళీ పెట్టె చూపించాకే సీలు వేయించుకోవాలి. బ్యాలెట్ల క్రమసంఖ్య ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉందో రాసుకోవాలి. బ్యాలెట్ వెనక ముద్ర, ప్రిసైడింగ్ అధికారి సంతకం ఉన్నాయో లేదో చూడాలి. ఒకరి ఓటు ఇంకొకరు వేసేసి ఉంటే ఆ ఓటరు తిరిగి వెళ్లిపోకుండా టెండర్ ఓటు అడగాలి. దాన్ని వేరే కవరులో పెడతారు, ఆ రోజు లెక్కలోకి రాదు, తర్వాత కోర్టులో అక్కరకొస్తుంది. దొంగ ఓటరని అనుమానం వస్తే రుసుము కట్టి అక్కడికక్కడే సవాలు చేయాలి.

తెలంగాణలో పోలింగ్ ఉదయం ఏడు నుంచి ఒంటిగంట వరకు, రెండు గంటలకు లెక్కింపు. సర్పంచ్ బ్యాలెట్ గులాబీ రంగు, వార్డు సభ్యుడిది తెలుపు. రంగుల వారీగా వేరుచేసి పాతికేసి కట్టలు కడతారు. తగాదా వచ్చేది చెల్లని ఓట్ల దగ్గర. ఎక్కువగా గొడవయ్యేది ఒకటుంది. ఓటరు బ్యాలెట్‌ను అడ్డంగా మడిస్తే తడి ఆరని స్వస్తిక్ ముద్ర ఇంకో గుర్తు మీద అచ్చు పడుతుంది. రెండు ముద్రలున్నాయి, చెల్లదని ఒక ఏజెంటు అరుస్తాడు. బ్యాలెట్‌ను వెలుతురులో పెట్టి చూడండి. మడత వల్ల పడిన అచ్చు మసకగా ఉంటుంది, స్వస్తిక్ కొసలు ఎదురు దిక్కుకు తిరిగి ఉంటాయి. మడతపెట్టి చూస్తే అసలు ముద్ర మీద సరిగ్గా కూర్చుంటుంది. అసలు ముద్ర స్పష్టంగా ఉంటే ఆ ఓటు చెల్లుతుంది. బ్యాలెట్‌ను ముందు నిలువుగా మడవమని ఓటర్లకు చెబితే ఈ తగాదా రాదు. రీకౌంటింగ్ కావాలంటే మొత్తం ఓట్లు చదివాక, ఫలితం ప్రకటించేలోపు, కారణాలతో రాసివ్వాలి. నోటితో అరిచినది రికార్డులోకి ఎక్కదు. తెల్ల కాగితం, పెన్ను ఏజెంటు జేబులో ఉండాలి.

ఫలితం మీద అభ్యంతరం ఉంటే 243ఓ అధికరణం వల్ల నేరుగా కోర్టుకి వెళ్లే దారి మూసి ఉంటుంది. 30 రోజుల్లోపు ఎన్నికల ట్రైబ్యునల్‌లో పిటిషన్ వేయాలి.

చివరగా అందరూ మరిచిపోయేది. ఫలితం వచ్చిన 45 రోజుల్లోపు గెలిచినవాళ్లు, ఓడినవాళ్లు అందరూ ఎంపీడీవో కార్యాలయంలో ఖర్చుల లెక్క ఇవ్వాలి. ఇవ్వకపోతే మూడేళ్లు అనర్హత. 46వ రోజున సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మండల స్థాయిలో రుసుము ఐదు రూపాయలు. మూడు విషయాలే అడగండి: లెక్క ఇచ్చినవారి జాబితా తేదీలతో, ఇవ్వనివారి జాబితా, వారి మీద పంపిన నివేదిక ప్రతి. 30 రోజుల్లో జవాబు రావాలి. వచ్చాక మీ నోటు పుస్తకం పక్కన పెట్టి, అభ్యర్థి చూపని ఆటో మైకుల దగ్గర్నుంచి సరిచూడటం మొదలుపెట్టండి. తేడాలు ఫోటోలతో సహా జిల్లా ఎన్నికల అధికారికి, అంటే కలెక్టరుకి, ఒక ప్రతి రాష్ట్ర ఎన్నికల సంఘానికి. దరఖాస్తు నమూనాలు బయట బల్ల మీద ఉన్నాయి, మండలం పేరు దగ్గర ఖాళీ వదిలాం.