సోలార్ కంటే ముందు శ్లాబు సంగతి

శ్రోతలకు నమస్కారం.

మే నెలలో రాత్రి తొమ్మిదింటికి పడమటి గోడకు చెయ్యి ఆనించి చూడండి. పొద్దుగూకి రెండు గంటలు దాటినా వెచ్చగానే ఉంటుంది. పగలంతా పట్టిన ఎండను గోడ, శ్లాబు అప్పుడు తీరిగ్గా గదిలోకి వదులుతుంటాయి. ఆ వేడిని బయటికి తోలడానికే మనం ఏసీకి బిల్లు కడుతున్నాం.

ఏడాది మొత్తం మీద వాడుకున్నంత కరెంటును తానే తయారుచేసుకునేదాన్ని జీరో ఎనర్జీ భవనం అంటారు. ఆ మాట వినగానే అందరికీ సోలార్ ప్యానెళ్ళే గుర్తొస్తాయి. కాస్త లెక్క వేద్దాం. ఒక కిలోవాట్ ప్యానెళ్ళకు సుమారు 100 చదరపు అడుగుల నీడపడని చోటు కావాలి. మన ప్రాంతంలో అవి రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తాయి. సొంత డాబాకైతే ఫరవాలేదు. అయిదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో మాత్రం అన్ని ఫ్లాట్లకూ కలిపి ఉన్నది ఒక్కటే మేడ. అందులోనూ వాటర్ ట్యాంకు, లిఫ్టు గది, బట్టల తీగలు! ఇక వాడకం తగ్గించుకోవాల్సిందే. అది తగ్గేది కప్పు, గోడలు, కిటికీల దగ్గర. ఇంజనీర్లు వీటన్నిటినీ కలిపి బిల్డింగ్ ఎన్వలప్ అంటారు.

ఢిల్లీలో 2014లో ప్రారంభమైన కేంద్ర పర్యావరణ శాఖ కార్యాలయం, ఇందిరా పర్యావరణ్ భవన్, ఇందుకు మంచి ఉదాహరణ. 930 కిలోవాట్ల సోలార్ ఉందని అందరూ చెబుతారు. నాకు నచ్చింది మాత్రం దాని కింది పని. మధ్యలో విశాలమైన ఆవరణ వదిలి గాలీ వెలుతురూ రానిచ్చారు. గోడలకు వేడిని తొందరగా లోపలికి పంపని తేలిక బ్లాకులు వాడారు. కిటికీలకు రెండు పొరల అద్దాలు పెట్టారు.

మనవాళ్ళేమో ఎలివేషన్ అందం కోసం సన్‌షేడ్లు ఎత్తేసి, నిలువెత్తు అద్దాలు బిగిస్తున్నారు. ఒంటి పొర మామూలు అద్దం గుండా ఎండ వేడిలో దాదాపు 80 శాతం లోపలికొస్తుంది. వచ్చాక కర్టెన్ వేసి ఏం లాభం? అడ్డు కట్టాల్సింది బయట.

ఇళ్ళలో కరెంటు పొదుపు కోసం కేంద్రం 2018లో తెచ్చిన నిబంధనల పుస్తకం ఎకో నివాస్ సంహితలో, కప్పు ఎంత వేడిని లోపలికి రానివ్వవచ్చో ఒక పరిమితి ఉంది. మామూలు కాంక్రీటు శ్లాబు దానికి రెండింతలు దాటిపోతుంది. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చి ప్రభుత్వ, వాణిజ్య భవనాలకూ, 600 గజాలూ ఆపైన స్థలంలో కట్టే ఇళ్ళకూ చల్లని కప్పును, అంటే ఎండను తిప్పికొట్టే కప్పును, తప్పనిసరి చేసింది.

ఇప్పటికే కట్టేసిన ఇంటికి తెల్లటి కూల్ రూఫ్ పెయింటు వేయించవచ్చు, లేదా తెల్ల టైల్స్ పరిపించవచ్చు. కాకపోతే దుమ్ము పేరుకుంటే ఆ తెలుపు అంతగా పనిచేయదు. ఏటా శివరాత్రి వెళ్ళగానే ఒకసారి మేడ కడిగించండి. పెయింటు మాసిపోయిందో, పెచ్చులూడిందో తెలిసేది కూడా అప్పుడే.

సెలవు.