సుసు అంటే పాలు, గోడ అంటే కాలు: ఇచ్ఛాపురం వ్లాగ్

హాయ్ అండీ, అందరికీ నమస్కారం. వెనకాల రైలు కూత వినిపిస్తోందా? ఇచ్ఛాపురం వచ్చేశాం. కౌలాలంపూర్‌లో మా అపార్ట్‌మెంట్ చూసీ చూసీ విసుగెత్తిందని మీలో చాలామంది తిట్టారు కదా, ఇదిగో, మా అమ్మావాళ్ళ పెరడు. ఆ మూల ఉన్నది పనస చెట్టు, దాని సంగతి ఇంకో రోజు.

పొద్దున ఏమైందో చెప్తాను. మావాడు నిద్ర లేచి, కళ్ళు నులుముకుంటూ వంటింట్లోకెళ్ళి "అమ్మమ్మా, సుసు" అన్నాడు. మా అమ్మ గరిటె అక్కడే పడేసి, వాడి రెక్క పుచ్చుకుని బాత్రూమ్‌లోకి లాక్కుపోయింది. లోపల్నుంచి ఒకటే గోల. "సుసు కావాలి, సుసు కావాలి" అని వాడు, "మరి పొయ్యరా నాయనా, ఎవలొద్దన్నారు" అని ఆవిడ. మలయ్ భాషలో సుసు అంటే పాలు! వాడు వెళ్ళే నర్సరీలో రోజూ వినే మాట అదే. "ఇదేటి భాషే తల్లీ" అని అమ్మ ఇంకా గొణుగుతూనే ఉంది.

మలయ్‌లో ఇలాంటివి కొల్లలు. కాకి అంటే పాదం, అడుగు కొలతకి కూడా అదే మాట. దుకాణాల ముందు కప్పు కింద నడిచే వరండాని 'కాకి లిమా' అంటారు. లిమా అంటే ఐదు, అంటే ఐదడుగుల బాట. ఈ ముక్క చెబితే మా మావయ్య అడిగిందేమిటో తెలుసా? "అయితే అక్కడ పిండం ఏటి తింటాదే?" అని. మాత అంటే కన్ను. సూర్యుడు 'మాతహరి', పగటి కన్ను, ఎంత బాగుందో చూడండి. ఇక పంచదారని 'గుల' అంటారు. టీ దగ్గర ఆ మాట వినపడితే నేను ఇప్పటికీ మొహం అటు తిప్పుకుంటాను.

అన్నిట్లోకీ డేంజర్ బాబీ. మనకి ఇంటికో బాబీ ఉంటాడు కదా. మా తమ్ముడి వరసవాడు ఒకడు ఉద్యోగం పనిమీద వచ్చాడు. భోజనాల వేళ, కిక్కిరిసిన హోటల్. వాడు చేతులు కడుక్కోవడానికెళ్ళాడు, ఇంతలో ఓ టేబుల్ ఖాళీ అయింది. మా ఆయన అది పట్టుకుని, ఈ చివర్నుంచి గొంతెత్తి "బాబీ! బాబీ! ఇటు రా!" అని కేకేశారు. మలయ్‌లో బాబీ అంటే పంది. అదేమో హలాల్ హోటల్. చుట్టూ చెంచాలు ఆగిపోయాయి, ఒక పెద్దాయన వంగి కుర్చీ కిందకి కూడా చూశాడు. ఆ రోజునుంచి వాడు మాకు వెంకటరమణే. ఉత్తరాదివాళ్ళ బాధ ఇంకా ఎక్కువ, పాపం వదినని 'భాభీ' అని పిలవాలన్నా నలుగురూ ఉన్నారేమో చూసుకోవాలి.

మా అక్కతో ఫోన్లో మాట్లాడితే ఇంకో తమాషా. మన ఉత్తరాంధ్రలో అక్కని అప్ప అంటాం కదా, నేను "అప్పా, చీర తీసుకున్నావా?" అంటుంటే, పక్క సీటు తమిళమ్మాయి నోరు తెరుచుకుని చూస్తుంది. తమిళంలో అప్పా అంటే నాన్న. కన్నడంలోనూ అంతే. కొరియన్ సీరియళ్ళు చూసే మా మేనకోడలు, కొరియాలో కూడా అప్పా అంటే నాన్నేనంది. మన పల్లెల్లో 'మా బాబు' అంటే కన్నతండ్రి, కోస్తా దిగువకెళ్తే అదే మాటకి మగపిల్లాడు. దీనికి కారణం పసిపిల్లలే. వాళ్ళ నోటికి ముందు వచ్చేవి పెదాలు కలిపి పలికే మ, ప, బ. ఆ కూతల్ని ఒక్కో ఊరు ఒక్కో చుట్టానికి అంటగట్టింది.

మిగతావన్నీ వట్టి కాకతాళీయం. కాకి వాలింది, తాటిపండు రాలింది, అంతే. మనిషి నోటికి పలికే శబ్దాలు కొన్నే కాబట్టి, రెండక్షరాల మాటలు ఎక్కడో అక్కడ ఢీకొంటూనే ఉంటాయి.

అంత దూరం ఎందుకు? పురుషోత్తపురం చెక్‌పోస్ట్ దాటితే ఒడిశా, మా వీధిలోనే సగం ఇళ్ళల్లో ఒడియా మాట్లాడతారు. పక్కింటి పెద్దమ్మని పలకరిద్దామని వెళ్తే "గోడొ నొప్పమ్మా" అంది. మావాడు వెళ్ళి గోడని నిమిరాడు! ఒడియాలో గోడ అంటే కాలు. రాసేది 'గోడ' అనే, చివర మాత్రం కాస్త ఒ కలిపి పలుకుతారు. ఇక ఆవిడకి తలనొప్పి వస్తే నేను ఎడిటింగ్‌లో బీప్ వేయాలి. ఒడియాలో తలని 'ముండొ' అంటారు మరి. కానీ ఇది కాకతాళీయం కాదు. సంస్కృతంలో ముండ అంటే గొరిగిన తల. మొగుడు పోయిన ఆడదాని తల గొరిగించింది లోకం, ఆ గుండునే తిట్టుగా చేసి ఆవిడ మీదకే విసిరింది. తెలుగులో ఆ మాటకి మిగిలింది అదొక్కటే.

నన్నడిగితే కాకులతో, గోడలతో భయం లేదు, నవ్వుకుని సర్దుకుంటాం. ఇలా ఒకే ఇంట్లో పుట్టి తలో దారీ పట్టిన సంస్కృతం మాటలున్నాయే, వాటితోనే చిక్కు. మనకి తెలిసిన మాటే కదా అని చెవి అప్పగించేస్తాం. మలయ్‌లో 'దోసా' అంటే పాపం. అది మన దోషమే, ఎప్పుడో సముద్రం దాటిపోయింది. తినే దోశ అక్కడ 'తోసై', తమిళంవాళ్ళ చలవ. మా బడి గోడ మీద సర్వశిక్షా అభియాన్ అని ఉంటే, మాస్టారు వినకుండా "అందరికీ శిక్షరా" అని నవ్వుకునేవాళ్ళం. 2018లో పథకం సమగ్ర శిక్ష అయింది, శిక్ష మాత్రం తప్పలేదు. హిందీలో, ఒడియాలో శిక్ష అంటే చదువు. సంస్కృతంలోనూ నేర్చుకోవడం, నేర్పడమే. వేదాంగాల్లో శిక్ష అయితే ఉచ్చారణ శాస్త్రం. మనం ఆ నేర్పడంలోంచి బెత్తాన్ని పట్టుకున్నాం. పాత అర్థం 'శిక్షణ'లో తలదాచుకుంది.

ఈ చిక్కు మొన్న మా ఇంట్లోనే పడింది. పిన్ని కూతురికి బరంపురం సంబంధం, ఒకే ఆఫీసులో ఇష్టపడ్డారు. అబ్బాయి తండ్రికి తెలుగు అంతంతమాత్రం. మాటలన్నీ సాఫీగా నడిచి, ముహూర్తాల దగ్గరకొచ్చాక ఆయన చిరునవ్వుతో "ఆలోచన చేద్దాం" అన్నారు. బాబాయి మొహం మాడిపోయింది. మన దగ్గర 'ఆలోచించి చెప్తాం' అంటే సంబంధం తప్పిపోయినట్టే కదండీ. ఆయన కండువా దులిపి లేవబోయాడు. అవతల పెద్దమనిషేమో కుర్చీ ముందుకి జరుపుకుని, డైరీ తీసి, పెన్ను మూత విప్పుతున్నారు. కాలునొప్పి పెద్దమ్మే బాబాయి చెయ్యి పట్టి లాగింది. "కూకోవయ్యా, కూకుని మాటాడుదావంతన్నాడు!" ఒడియాలో ఆలోచన అంటే చర్చ. నయం, హిందీవాళ్ళు కాదు, వాళ్ళకైతే అది విమర్శ.

పెళ్ళి ఖాయమైందండీ. ఇదిగో, బరంపురంవాళ్ళు పంపిన వంటకాల కాగితం, అబ్బాయే కష్టపడి తెలుగు అక్షరాల్లో రాశాడు. దగ్గరగా పెడతాను చూడండి. మూడో వరసలో 'బడి చూరా'. బడి అంటే వాళ్ళ మినప వడియం. వేయించి, వెల్లుల్లి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి నలిపేస్తారు, చద్దన్నంలోకి అదిరిపోతుంది. నేను చెప్పేలోపే బాబాయి కళ్ళజోడు పైకి తోసుకుని ఆ వరసే మళ్ళీ చదివాడు.

"బడేటి, చూరేటి? పెళ్ళి కల్యాణమండపంలో అనుకున్నాం గదే?"