మందం లేని ఒళ్లు

సభకు నమస్కారం.

బల్లపరుపు పురుగు అనగానే చాలామందికి బడిలో చదివిన బద్దెపురుగు గుర్తొస్తుంది. ఆ వర్గంలోనే ఎవరి పేగులోనూ చేరకుండా, పగడపు దిబ్బల మీద స్వేచ్ఛగా తిరిగే పాలీక్లాడ్‌లు ఉన్నాయి. వాటిలో నాకు ఎంతో ఇష్టమైనది సూడోబైసెరోస్ బెడ్‌ఫోర్డై. డైవర్లు దాన్ని పర్షియన్ తివాచీ పురుగు అంటారు. ముదురు గోధుమ రంగు ఒంటి మీద గులాబీ అడ్డచారలు, వాటి సందుల్లో ఒత్తుగా తెల్లని చుక్కలు. అరచేతి వెడల్పున పెరుగుతుంది. మందం మాత్రం దాదాపు ఉండదు.

రంగులు ఎలాగూ కళ్లకు కడతాయి. మీరు ఆ పలచదనాన్ని చూడాలని నా కోరిక, ఎందుకంటే దాని బతుకంతా అందులోనే ఉంది. దీనికి గుండె లేదు, రక్తం లేదు, మొప్పలు లేవు. నీటిలోని ఆక్సిజన్ చర్మం గుండా నేరుగా కణాలకు చేరాల్సిందే. ఒళ్లు మందమైతే లోపలి కణాలకు అది అందదు. ఆహారాన్ని మోసుకెళ్లే రక్తమూ లేదు కాబట్టి పేగే కొమ్మలుగా చీలి ఒళ్లంతా పరుచుకుంది. మలద్వారం కూడా లేదు. తిన్న నోటి నుంచే వ్యర్థమూ బయటికి రావాలి. ఆ నోరు ఒంటి అడుగున ఉంటుంది. చాలా జాతులు రాళ్లకు అంటుకుని గుంపులుగా బతికే ఆసిడియన్లు అనే సముద్రజీవుల మీదికి పాకి, ముడతలు పడిన గొంతును బయటికి చాపి వాటిని తింటాయి.

ఇంత పలచటి మెత్తటి జీవి పట్టపగలు బాహాటంగా ఎలా తిరుగుతోంది? కొన్ని జాతుల ఒంట్లో విషముంది. ఆ మెరిసే రంగులు చేపలకు హెచ్చరిక అని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ప్లాటాక్స్ పిన్నాటస్ అనే బ్యాట్‌ఫిష్ పిల్లను చూడండి: నల్లటి ఒళ్లు, చుట్టూ నారింజ అంచు. అలలు అలలుగా ఊగుతూ ఈదుతుంటే పురుగే అనిపిస్తుంది. విషం లేకున్నా ఆ వేషమే దానికి రక్ష అంటారు.

ఇవి ఉభయలింగ జీవులు. సూడోసెరోస్ బైఫర్కస్ జాతిలో రెండు పురుగులు ఎదురుపడితే ఒకదాన్నొకటి శిశ్నంతో పొడవాలని చూస్తాయి, పొడిపించుకోకుండా తప్పించుకుంటాయి. ఈ పోరు గంటదాకా సాగగలదని మిఖీల్స్, న్యూమన్ 1998లో నేచర్ పత్రికలో రాశారు. పోటు తిన్నది గాయం మాన్పుకోవాలి, గుడ్ల భారమూ మోయాలి. అందుకే ఏదీ ఓ పట్టాన లొంగదు.

వీటిని భద్రపరచడమే పెద్ద చిక్కు. ముట్టుకుంటే చిరుగుతాయి, మామూలుగా ఫార్మలిన్‌లో వేస్తే ముడుచుకుపోతాయి, రంగు వెలిసిపోతుంది. లెస్లీ న్యూమన్, లెస్టర్ క్యానన్ పురుగును కాగితం మీద పాకనిచ్చి, అది చాచుకుని ఉండగానే గడ్డకట్టిన ఫార్మలిన్ మీద పెట్టారు. ముందే ఫొటో తీసుకునేవారు. గ్రేట్ బారియర్ రీఫ్‌లో కొత్త జాతులెన్నో అలా నమోదయ్యాయి.

మీలో డైవింగ్‌కు వెళ్లేవారికి ఒక మనవి. ఇది కనబడితే చేతిలోకి తీసుకోకండి. అంచు రంగులు, తల దగ్గర మడతపడిన రెండు కొసలు స్పష్టంగా పడేలా పైనుంచి ఫొటో తీయండి. జాతిని గుర్తుపట్టడానికి మొదట చూసేది వాటినే.