నరంలో కరెంటు ఎక్కడిది?

శ్రోతలకు నమస్కారం.

చీకట్లో నడుస్తుంటే కాలి బొటనవేలు మంచం కోడుకి తగులుతుంది. ముందు చురుక్కుమంటుంది. ఓ క్షణం ఆగి సలుపు మొదలవుతుంది. దెబ్బ ఒకటే, నొప్పి మాత్రం రెండుసార్లు. ఎందుకలా? అది తెలియాలంటే నరంలో అసలు ఏం నడుస్తుందో చూడాలి.

నరం అనగానే కరెంటు తీగ గుర్తొస్తుంది. కానీ తీగలో ఎలక్ట్రాన్లు తీగ పొడవునా కదులుతాయి. నరంలో కదిలేవి సోడియం, పొటాషియం అయాన్లు, అంటే ధనావేశం ఉన్న పరమాణువులు. అవి ముఖ్యంగా దాటేది నరం పొడవును కాదు, నాడీకణం పొరను. బయటి నుంచి లోపలికి, లోపలి నుంచి బయటికి.

ఆ పొర మందం సుమారు 5 నానోమీటర్లు. కొవ్వుతో అల్లుకున్న పొర కాబట్టి అయాన్లు వాటంతట అవి దాటలేవు. అందులో పంపులాంటి ప్రోటీన్లు ఉంటాయి. ఒక్కో విడతలో 3 సోడియం అయాన్లను బయటికి తోసి, 2 పొటాషియం అయాన్లను లోపలికి తెస్తాయి. అలా లోపల పొటాషియం, బయట సోడియం పోగవుతాయి. లోపలి పొటాషియం కొంత, ఎప్పుడూ తెరిచే ఉండే సన్నని దారుల్లోంచి బయటికి జారుతుంది. దాంతో కణం లోపలి వైపు బయటికంటే సుమారు 70 మిల్లీవోల్టులు తక్కువలో ఉంటుంది. చిన్న సంఖ్యే కదా అనిపిస్తుంది. కానీ పొర ఎంత పలచనో చూడండి! లెక్క కడితే మీటరుకు కోటీ నలభై లక్షల వోల్టులు. నరం ఊరికే ఉన్నప్పుడు కూడా ఇంత బిగువు మీద ఉంటుందన్నది నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

ఏదైనా తాకిడికి ఆ తేడా 55 దాకా తగ్గిందంటే సోడియం తలుపులు తెరుచుకుంటాయి. సోడియం లోపలికి దూకుతుంది. దూకిన కొద్దీ మరిన్ని తలుపులు తెరుచుకుంటాయి. వెంటనే అవి మూసుకుపోయి, పొటాషియం బయటికి వెళ్లి పాత స్థితి వస్తుంది. ఇదంతా ఒకటి రెండు మిల్లీసెకన్ల పని. ఈలోగా పక్క భాగంలో తలుపులు తెరుచుకుంటాయి. వెనక భాగం ఇంకా తేరుకోలేదు కాబట్టి సంకేతం ముందుకే పోతుంది.

1939లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు స్క్విడ్ అనే సముద్రజీవి లావుపాటి నరంలోకి ఎలక్ట్రోడ్ దించి దీన్ని కొలిచారు. అప్పటి అంచనా ప్రకారం వోల్టేజీ సున్నా దగ్గర ఆగాలి. ఆగలేదు, సున్నాను దాటి ధనం వైపుకి పోయింది. ఇంతలో యుద్ధం వచ్చి పని ఆగింది. 1952 నాటికి సోడియం, పొటాషియంల రాకపోకలన్నిటినీ సమీకరణాల్లో పెట్టారు. తలుపుల ఆకారం ఎవరూ చూడని రోజుల్లో, వాటి నడవడిని లెక్కతో పట్టుకున్నారు. 1963లో నోబెల్ వచ్చింది.

పన్ను పీకే ముందు ఇచ్చే మత్తు ఇంజెక్షన్ చేసే పని కూడా ఆ సోడియం తలుపుల్ని మూసి ఉంచడమే.

ఇక బొటనవేలి సంగతి. కొన్ని నరాల చుట్టూ మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది. సంకేతం తొడుగు మధ్య ఖాళీల దగ్గర మాత్రమే కొత్తగా పుడుతూ, గెంతుతూ పోతుంది. చురుకు ఆ దారిన వెళ్తుంది. సలుపు మాత్రం తొడుగు లేని సన్నని నరాల్లో, సెకనుకు దాదాపు ఒక మీటరు చొప్పున, అడుగడుగునా తలుపులు తెరుచుకుంటూ వస్తుంది. అది ఇంకా కాలి దారిలోనే ఉండగా, మీరు కాలు పట్టుకుని మంచం మీద కూర్చుని ఉంటారు.