ముక్కు చెబితే కన్ను వింటుందా?

అందరికీ నమస్కారం. కుడికంటికి గులాబీ పువ్వు, ఎడమకంటికి మార్కర్ పెన్ను ఒకేసారి చూపించామనుకోండి. రెండూ కలిసిపోయి కనబడవు. కాసేపు పువ్వు, కాసేపు పెన్ను వంతులేసుకుంటాయి. 2010లో బీజింగ్ పరిశోధకులు ఇలా చూస్తున్నవాళ్లకు గులాబీ వాసన, మార్కర్ వాసన పీల్పించారు. గులాబీకి ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్, మార్కర్‌కు బ్యుటనాల్ వాడారు. ముక్కుకు ఏది తగిలితే ఆ బొమ్మే ఎక్కువసేపు నిలిచింది. అలాగని ఎదురుగా పువ్వొక్కటే స్పష్టంగా ఉంటే బ్యుటనాల్ దాన్ని పెన్నును చేయదు. కన్ను తేల్చుకోలేనప్పుడే ముక్కు మాట చెల్లుతుంది.

తరగతిలో చేసి చూడొచ్చు. నల్లటి తెర మీద పువ్వును ఎర్రగా, పెన్నును ఆకుపచ్చ కలిసిన నీలంలో, ఒకదానిపై ఒకటి పెట్టండి. ఒక అద్దం ఎర్రగా, రెండోది ఆకుపచ్చ కలిసిన నీలంగా ఉండే త్రీడీ కాగితపు కళ్లద్దాలు చాలు. బొమ్మలు చిన్నవిగా ఉండాలి. పెద్దవైతే సగం పువ్వు, సగం పెన్ను అతుకులుగా కనబడతాయి. వెలుగు సమానంగా లేకపోతే ప్రకాశవంతమైనదే గెలుస్తుంది, వాసనకు పనుండదు. దూదిని అసలైన పన్నీరులో ముంచండి. అందులో ఉన్నదీ ఆ ఫినైల్ ఇథైల్ ఆల్కహాలే. నిమిషం చాలు, ఆపైన ముక్కు అలవాటుపడిపోతుంది. మంచినీళ్ల దూదితోనూ అంతే సేపు చేయించి పోల్చాలి. ఏ దూది ఎప్పుడిస్తున్నారో ముందే చెప్పేశారో, పిల్లలు మీకు కావలసిన జవాబే చెబుతారు!

రంగుల సంగతి ఇంకా సూక్ష్మం. లివర్‌పూల్ జాన్ మూర్స్ విశ్వవిద్యాలయం వారి ప్రయోగం 2023లో అచ్చయింది. 24 మందిని ఒక్కొక్కరిగా మూసిన గదిలో కూర్చోబెట్టారు. సెంటు, డియోడరెంట్ నిషిద్ధం. ముందు ఎయిర్ ప్యూరిఫయర్, తర్వాత 5 నిమిషాలు డిఫ్యూజర్‌తో ఒక వాసన. తెర మీద ఏదో ఒక రంగు చదరం. కింద రెండు మీటలు: ఒకటి పసుపు–నీలం, ఇంకొకటి ఎరుపు–ఆకుపచ్చ. రంగు ఛాయ పూర్తిగా పోయి, వట్టి బూడిద రంగు మిగిలేదాకా జరపాలి. బూడిదనే ఎందుకడిగారంటే, అందులో ఏ రంగూ ఉండకూడదు గనక కాస్త తప్పినా ఎటు తప్పిందో కొలతకు దొరికిపోతుంది.

నీటి ఆవిరికి అసలు బూడిదే వచ్చింది. కాఫీ వాసనకు ఎరుపు–గోధుమ కలిసినదాన్ని బూడిద అన్నారు. క్యారమెల్‌కు నీలం కలిసినదాన్ని. మిగతా వాసనలు తమతో మనం ముడిపెట్టుకునే రంగు వైపే బూడిదను లాగితే, పిప్పరమెంటు ఒక్కటే ఆ దారిలో నడవలేదు.