పుట్టింటికి వెళ్లిన అమ్మాయి షుగర్‌ని పట్నంలో డాక్టర్ చూడాలంటే

నమస్తే అండి. కడుపుతో ఉన్నప్పుడు వచ్చే షుగర్‌ని ఇంట్లోనే చూసుకుని, ఫోన్‌లో డాక్టర్‌కి పంపే పద్ధతి గురించి ఈరోజు మాట్లాడుకుందాం.

మన ఇళ్లలో ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో అమ్మాయిని పుట్టింటికి తీసుకెళ్తాం కదా. మందు మోతాదు ఎక్కువగా మారేది సరిగ్గా ఆ నెలల్లోనే. కడుపులో బిడ్డకు ఆహారం అందించే మాయ నుంచి వచ్చే హార్మోన్లు, చక్కెరను అదుపులో పెట్టే తల్లి ఇన్సులిన్‌ని సరిగా పనిచెయ్యనివ్వవు. డాక్టర్ హైదరాబాద్‌లో, అమ్మాయి ఊళ్లో. పైగా ‘ఇద్దరి తిండి తినాలి’ అంటూ అమ్మ కొసరి కొసరి వడ్డిస్తుంది. ఆ ప్రేమను నేను తప్పుపట్టను. కానీ తల్లి రక్తంలోని చక్కెర మాయ దాటి బిడ్డకు వెళ్తుంది, తల్లి ఇన్సులిన్ దాటదు. ఆ చక్కెరకు సరిపడా బిడ్డ తన ఇన్సులిన్ తానే తయారు చేసుకుని, బరువు పెరుగుతుంది. పుట్టగానే చక్కెర రావడం ఆగిపోతుంది, ఇన్సులిన్ మాత్రం ఒంట్లో ఉంటుంది. అందుకే కొందరు పసివాళ్లకు మొదటి గంటల్లో షుగర్ పడిపోతుంది.

రీడింగ్ సరిగ్గా ఉంటేనే పంపి లాభం. మామిడిపండు తిన్న వేలిని కడగకుండా గుచ్చితే, ఆ తీపి కూడా రక్తపుచుక్కతో పాటు షుగర్ మీటర్‌లో పెట్టే స్ట్రిప్ మీదికి వెళ్తుంది. అంకె ఉన్నదానికంటే చాలా ఎక్కువ చూపిస్తుంది. సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడిచి, వేలి కొసకు పక్కగా గుచ్చండి, నొప్పి తక్కువ. తిన్న 2 గంటలకు అంటే మొదటి ముద్ద నుంచి లెక్క, చెయ్యి కడుక్కున్నప్పటి నుంచి కాదు. మామూలుగా పరగడుపున 95 లోపు, తిన్న 2 గంటలకు 120 లోపు ఉండాలంటారు.

ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో ఇలాంటి గర్భిణులు సుమారు 200 మందితో ఒక పరిశోధన చేశారు, 2018లో ప్రచురించారు. సగం మందికి మీటర్‌లోని అంకె నేరుగా ఫోన్‌కి, అక్కడి నుంచి ఆస్పత్రికి చేరే ఏర్పాటు చేశారు. అవతల మిడ్‌వైఫ్‌లు, అంటే గర్భిణుల్ని, కాన్పుల్ని చూసుకునే నర్సులు, చూసి మెసేజ్ పెట్టేవాళ్లు. షుగర్ అదుపు రెండు గుంపుల్లోనూ ఇంచుమించు ఒకటే. ఫోన్ గుంపులోని ఆడవాళ్లు మాత్రం తమకు అందిన వైద్యం పట్ల ఎక్కువ తృప్తిగా ఉన్నారు.

నాకు ఇందులో ముఖ్యమనిపించేది యాప్ కంటే ఆ మిడ్‌వైఫ్. మన దగ్గర చాలామంది మీటర్ ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతారు, అదీ మంచిదే. కానీ ఎవరూ చూడని ఫొటో వల్ల తల్లికి ధైర్యం వస్తుంది, మందు మాత్రం మారదు. కాబట్టి బయలుదేరే ముందే అడగండి: నా రీడింగ్ ఎవరు చూస్తారు, ఎప్పటిలోగా జవాబిస్తారు, అర్ధరాత్రి అయితే ఏ నంబర్‌కి చెయ్యాలి? చెమటలు పట్టి, చేతులు వణికి, షుగర్ 70 కంటే తగ్గితే మెసేజ్ కోసం చూడకండి. వెంటనే గ్లూకోజో చక్కెర నీళ్లో తాగి, తర్వాత ఫోన్ చెయ్యండి.

అత్తమ్మలకు, అమ్మలకు ఒక మాట. అంకె పెరిగిన రోజు అమ్మాయిని తిట్టకండి. తిడతారన్న భయంతో ఆ రీడింగ్ పంపకుండా దాచేస్తుంది. డాక్టర్‌కి కావలసింది ఆ రీడింగే.

సామాను సర్దేటప్పుడు స్ట్రిప్‌లు రెండు డబ్బాలు ఎక్కువే పెట్టుకోండి. ఊళ్లో మందుల షాపులో మీ మీటర్‌కి సరిపోయేవి దొరక్కపోవచ్చు.